వంతెనల దొర ఆఖరి మాట

జూన్ 4

అత్తయ్య ఇంటికి మకాం మార్చాను. ఒక సూట్‌కేసులో బట్టలు, నాలుగు అట్టపెట్టెల్లో విక్టోరియా కాలం నాటి మహానుభావులు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. టాక్సీ డ్రైవరు మొదటి పెట్టె మోసి, చెమట తుడుచుకుంటూ, ఇందులో రాళ్ళేమైనా ఉన్నాయా మేడమ్ అని అడిగాడు. జీవిత చరిత్రలన్నాను. ఎవరివో గానీ బాగా బతికినట్టున్నారే అన్నాడు. ఒక్కొక్కరికి రెండేసి సంపుటాలు బాబూ, బతికింది వాళ్ళే గానీ రాసింది వాళ్ళ అల్లుళ్ళు, అని చెప్పాలనిపించింది. ఆయాసం వచ్చి ఊరుకున్నాను.

ఆయాసం విషయంలో నేను నోరెత్తకూడదు. అసలు ఆయాసం అత్తయ్యది. ఊపిరితిత్తులు బాగా నీరసించాయని, ఒక్కతినీ వదిలిపెట్టొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవులు కాబట్టి ఆ ఒక్కతినీ వదలని మనిషిని నేనయ్యాను. అత్తయ్య మాత్రం నేనేదో సెలవు గడపడానికి వచ్చినట్టే మాట్లాడుతోంది. పెట్టెల వంక చూసి, "నీ దొరలు హాల్లో పడుకుంటారా, నా గదిలోకి తోస్తావా?" అని అడిగింది.

ఈ దొరల చరిత్రల మీద రాస్తున్న నా పుస్తకంలో ఆరో అధ్యాయం నెలాఖరుకి ఇవ్వాలి. ఎడిటరు గారు ఫోన్లో మర్యాదగానే అడిగారు. ఆయన మర్యాదగా అడిగినప్పుడే నాకు భయం.

జూన్ 7, ఆదివారం

నాన్న వచ్చాడు. అంటే గేటు దాకా వచ్చాడు.

ఐదో అధ్యాయం కాగితాలు తెచ్చిచ్చాడు. రిటైరైన లెక్కల మాస్టారి చేతిలో ఎర్ర పెన్ను ఖాళీగా ఉంటే ప్రమాదమని నా రాతలన్నీ ఆయనకే ఇస్తున్నాను. చరిత్ర తెలీదంటూనే, ఏ పెద్దమనిషి ఏ ఏడు ఎక్కడున్నాడో కూడికలు తీసివేతలు చేసి పట్టేస్తాడు. కిందటి అధ్యాయంలో ఒక బిషప్పు ఒకే రోజు రెండు ఊళ్ళలో ఉపన్యాసం ఇచ్చినట్టు తేల్చాడు.

కాగితాలిచ్చాక కదలడు. గొడుగు తెరిచి నిలబడి, పైన ఫ్యాను సరిగ్గా తిరుగుతోందా అని అడిగాడు. తిరుగుతోందన్నాను. ఆ ఇంట్లో ఎవరైనా పడుకోవడానికి దిండ్లు చాలుతున్నాయా అన్నాడు. చాలుతున్నాయన్నాను. "ఎవరైనా" అంటే ఎవరో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు. నువ్వే ఎక్కి చూడరాదూ అంటే, బస్సు వచ్చే వేళైందని వాచీ చూసుకున్నాడు.

పైకి వెళ్ళేసరికి అత్తయ్య బాల్కనీలో ఆరేసిన దుప్పటి వెనకాల నిలబడి ఉంది. గేటు దగ్గర నిలబడ్డాయన ఎవరని అడిగింది. తమ్ముడిని గుర్తుపట్టలేదట పాపం. "బట్టతల వచ్చినట్టుందే" అని కూడా అంది. గొడుగులోంచి తల ఎలా కనిపించింది అత్తయ్యా అంటే, రేడియోలో వార్తలు చదివినదాన్ని, నన్ను ఆధారాలు అడక్కు అని లోపలికి పోయింది.

అమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు మోసే ఉద్యోగం అమ్మ చేసింది. ఇప్పుడది నాకొచ్చింది. జీతం లేదు, సెలవు లేదు.

జూన్ 9

ఇవాళ కడుపుబ్బా నవ్వాను. రాసిపెట్టుకోవాలి.

ఆరో అధ్యాయం అంతా ఆఖరి మాటల గురించే. ఆ కాలంలో ఏ ప్రముఖుడి చరిత్ర తీసినా చివర్లో మంచం ఉంటుంది, మంచం చుట్టూ బంధువులుంటారు, పోయే మనిషి లేచి కూర్చుని ఒక మంచి వాక్యం చెప్పి మరీ పోతాడు. ఒక్కడూ దాహమనడు. ఒక్కడూ నడుం నొప్పనడు. ఇవన్నీ వెనకాల కూర్చుని ఇంటివాళ్ళు అల్లినవేనని నా వాదన. దానికి ఋజువులు పోగేస్తున్నాను.

అత్తయ్య ఏం చేస్తున్నావంది. మహా ఇనప వంతెనలు కట్టిన ఒకాయన ఉన్నాడు, నేను వంతెనల దొర అంటాను, ఆయన ఆఖరి మాట తెలుగు చేసి చేతిలో పెట్టాను. "జీవితమంతా విడిపోయిన ఒడ్డులను కలపడానికే శ్రమించిన నేను, నా సోదరునితో నాకు కలిగిన ఎడబాటును దైవకరుణయే వంతెనగా నిలిచి తొలగిస్తుందన్న విశ్వాసంతో, అతనిని మనసారా క్షమించి, అతని క్షమాపణను వేడుకుంటూ, ఈ లోకం నుంచి సెలవు తీసుకుంటున్నాను."

అత్తయ్య గొంతు సవరించుకుంది. ఆ గొంతు వినగానే నేను అప్రయత్నంగా నిటారుగా కూర్చున్నాను. ఇంట్లో రేడియో పెట్టగానే అందరూ కూర్చున్నట్టు. ఎన్నేళ్ళు వార్తలు చదివిందో, గాలి సగం పోయినా గొంతు మాత్రం పోలేదు. "ఎడబాటును" దగ్గర ఊపిరి అందక ఆగింది. మళ్ళీ అందుకుని "విశ్వాసంతో" దగ్గర ఆగింది. కాగితం ఒళ్ళో పెట్టుకుని, ఆయన దేంతో పోయాడని అడిగింది. న్యుమోనియా అన్నాను.

"ఈ వాక్యం చెప్పడానికి దున్నపోతు ఊపిరితిత్తులు కావాలి. క్రియ చూడు, ఎక్కడో చివర్న ఉంది. అక్కడిదాకా బతికుంటానని ఆయనకంత నమ్మకమేంటి?"

అది నా అనువాదం అత్తయ్యా అన్నాను. అయితే ఆయన్ని నువ్వు ఇంకోసారి చంపావు అంది.

ఆ తర్వాత పొద్దుపోయేదాకా అదే పని. నేను ఒక్కొక్కరిని అందిస్తాను, అత్తయ్య చదువుతుంది. బిషప్పు మధ్యలో రెండుసార్లు పోయాడు. మిల్లుల యజమాని కార్మికులందరికీ దీవెనలు చెప్పేసరికి అత్తయ్య మంచినీళ్ళు అడిగింది. అనాథాశ్రమాల దొరసాని ఒక్కతే పరీక్ష నెగ్గింది. ఆమె చరిత్రలో "వెలుగు దగ్గరవుతోంది" అని ఉంది. పక్కనున్న పనిమనిషి మాత్రం ఆ దీపం పొగచూరుతోందని అమ్మగారు విసుక్కున్నారని తర్వాతెప్పుడో చెప్పింది. రెండోది చదివి అత్తయ్య, ఇది నిజం అంది.

దీనికి ఊపిరి పరీక్ష అని పేరు పెట్టాను. అధ్యాయంలో వాడుకుంటాను. ఏ పండితుడికీ తట్టని సంగతి.

జూన్ 12

ఊపిరి పరీక్ష సంగతి నాన్నకి ఫోన్లో చెప్పాను.  "ఆ పరీక్ష నాకు కొత్త కాదు" అని పెట్టేశాడు.

బుద్ధి లేనిదాన్ని. అసలు గొడవంతా అక్కడే కదా.

నాన్న కుర్రతనంలో రేడియోకి ఒక నాటకం రాశాడు. దాన్ని చూసే కమిటీలో అత్తయ్య ఉంది. చివర కథానాయకుడు చావబోతూ పేజీన్నర మాట్లాడతాడట. అత్తయ్య అందరి ముందూ ఆ పేజీన్నరా పైకి చదివి, చావబోయేవాడు ఇంతసేపు మాట్లాడితే వినేవాళ్ళు ముందు పోతారు అంది. కమిటీ మొత్తం పగలబడి నవ్వింది, అత్తయ్యతో సహా. బయట బల్ల మీద కూర్చున్న నాన్నకి ఆ నవ్వు వినపడింది. అంతే. ఆ రోజు నుంచి అక్క లేదు, తమ్ముడు లేడు. అమ్మ పోయినప్పుడు అత్తయ్య వచ్చింది, నాన్న ఎదురుగా కుర్చీ వేశాడు, ఆమె కూర్చుంది. ఇద్దరి నోటా ఒక్క మాట రాలేదు. కుర్చీ వేయడం చూసి నేను ఎంత ఆశపడ్డానో.

జూన్ 15

అత్తయ్యకి కొత్త సరదా పుట్టింది. తన ఆఖరి మాట ముందే సిద్ధం చేసుకుంటుందట. పొద్దున కాఫీ తాగుతూ "వార్తలు ఇంతటితో సమాప్తం" ఎలా ఉంటుంది అంది. మరీ ఊహించినట్టే ఉందన్నాను. మధ్యాహ్నం "వాతావరణ వివరాలు తర్వాత" అంది. ఇది బాగుందిగానీ, తర్వాత ఎవరు చెప్తారన్నాను. నిన్ను చూస్తే చెప్పాలనుకున్నది కూడా మర్చిపోతాను పొమ్మంది.

సాయంత్రం మాత్రలిస్తుంటే చెయ్యి పట్టుకుంది. ఈసారి సరదా లేదు.

"చూడు పిల్లా. నేనేదంటే అదే చెప్పు. చెత్త మాటంటే చెత్త మాటే చెప్పు. ఏమీ అనకపోతే ఏమీ అనలేదను. నీ దొరలకి చేసినట్టు నాకు చెయ్యనివ్వకు ఎవర్నీ."

మాటిచ్చాను. నేను గాక ఇంకెవరిస్తారు? దేశంలో ఈ విషయం మీద పుస్తకం రాస్తున్నది నేనొక్కతినే.

జూన్ 18

వంతెనల దొర అల్లుణ్ణి ఇవాళ ఉతికి ఆరేశాను. ఈ దొరకి ఒక తమ్ముడున్నాడు, అతనూ ఇంజినీరే. ఒక వంతెన స్తంభాల లెక్క తప్పని తమ్ముడు సభలో అన్నాడు. అన్నయ్యకి తలకొట్టేసినట్టయింది. చచ్చేదాకా మాటల్లేవు. దొర పోయిన రెండేళ్ళకి అల్లుడు రాసిన పుస్తకం వచ్చింది, అందులో ఈ క్షమాపణ ప్రత్యక్షమైంది. గదిలో అల్లుడు తప్ప ఇంకెవరూ లేరు. నేను పేజీ అడుగున అధోసూచికలో రాశాను: "కుటుంబ ప్రతిష్ఠ కోసం చచ్చినవాడి నోట్లో కుక్కిన మాట. ఒక్కరే సాక్షి, అతుకు కనపడని వాక్యం, అడగ్గానే దొరికిన క్షమాపణ: ఈ మూడూ కలిసి కనపడితే పాఠకుడు పుస్తకం మూసేయవచ్చు."

చదివి వినిపిస్తే అత్తయ్య మెచ్చుకోలేదు. పుస్తకం వచ్చేనాటికి తమ్ముడు బతికే ఉన్నాడా అని అడిగింది. ఉన్నాడన్నాను. చదివి ఏమన్నాడంది. ఏమంటే ఎవడిక్కావాలి అత్తయ్యా, అబద్ధం అబద్ధమే కదా అన్నాను. సరేలే అని కళ్ళు మూసుకుంది.

ఆమెకి విమర్శ పట్టుబడలేదు. ఊపిరి వరకే.

జూన్ 21, ఆదివారం

నాన్న ఆరో అధ్యాయం పట్టుకెళ్ళాడు. గేటు దగ్గర అడిగిన ప్రశ్నలు: ఆ ఇంట్లో దోమలున్నాయా? కిటికీకి తెర ఉందా? రాత్రి దగ్గు ఎవరికైనా వినపడుతుందా? పై నుంచి అడిగిన ప్రశ్నలు: ఆ మనిషి మరీ చిక్కినట్టున్నాడు, వండుకుంటున్నాడా, బయట తింటున్నాడా?

ఇద్దర్నీ ఒక గదిలో పెట్టి తాళం వేయాలి.

జూన్ 24

పొద్దున అత్తయ్యకి ఊపిరి అందలేదు. పెదాలు నీలంగా అయిపోయాయి. అంబులెన్సు వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపుతుంటే నా చెయ్యి గుంజింది. వంగి చెవి పెట్టాను. "గ్యాసు కట్టేశావా?" అంది. కట్టేశానన్నాను. కళ్ళు మూసుకుంది.

గొట్టం పెట్టారు, మెషీను పెట్టారు. మాట లేదు, స్పృహ లేదు. రావాల్సిన వాళ్ళుంటే పిలిపించుకోండి అంది డాక్టరమ్మ.

జూన్ 25

నాన్న వచ్చాడు. మెట్లెక్కి వచ్చాడు. అడగాల్సింది అడిగాడు. చెప్పాల్సింది చెప్పాను.

జూన్ 26

నేను చెప్పింది అబద్ధం అనడానికి లేదు. ఒకరకంగా అనువాదం.

జూన్ 27

ఎవరికి రాస్తున్నాను ఇక్కడ కూడా దాచడానికి?

నాన్న ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు. "నా గురించి ఏమన్నా అందా?" అని అడిగాడు. ఆ మొహం చూస్తూ, గ్యాసు కట్టేశావా అని అడిగింది నాన్నా, అని ఎలా చెప్పను? అనలేదు అని చెప్పడానికే నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, అందుకే తెరిచాను. వచ్చింది మాత్రం ఇది.

"తమ్ముడితో చెప్పు, ఆ రోజు అందరి ముందూ నవ్వడం నా తప్పే, వాడి నాటకం మంచిదే, ఇన్నేళ్ళూ ఆ మాట అనడానికి నాకు మొహం చెల్లలేదు, అంది నాన్నా."

ఎక్కడా తడుముకోలేదు. కామా దగ్గర కామా పడింది. అంత బాగా ఏ అల్లుడూ రాయలేదు.

నాన్న కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీసి తుడిచాడు. తర్వాత లోపలికెళ్ళి మంచం పక్క కుర్చీలో కూర్చున్నాడు. అప్పట్నుంచి నర్సులు బయటికి పంపినప్పుడు తప్ప అక్కడే ఉన్నాడు.

మంచి పనే చేశాను. ఎవరికి నష్టం? అత్తయ్యకి తెలిసే అవకాశం లేదు. ఈ వాక్యం రాశాక పెన్ను పక్కన పెట్టి ఏడ్చాను.

జూన్ 29

అత్తయ్య బతికింది.

జూన్ 30

సంతోషంతో ఏడ్చాను. ఆ తర్వాత భయంతో ఏడ్చాను. చూసేవాళ్ళకి రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి నర్సులు ఓదార్చి వెళ్ళారు.

గొట్టం తీశాక అత్తయ్య మొదట అన్న మాట, "ఆ గురక ఎవరిది?" కుర్చీలో నాన్న నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. తమ్ముణ్ణి చూసింది. చాలాసేపు చూసింది. డాక్టరమ్మ వచ్చి, గొంతు పుండయింది, మేము చెప్పేదాకా ఒక్క మాట కూడా మాట్లాడొద్దంది. అత్తయ్యని మాట్లాడొద్దనడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

నాకది వరమో శిక్షో ఇంకా తేలలేదు.

జూలై 2

శిక్షే.

నాన్న ఇవాళ మంచం పక్కన కూర్చుని కమలాపండు ఒలుస్తూ, అటూ ఇటూ చూసి, "అక్కా, నువ్వన్న మాట పిల్ల చెప్పింది" అన్నాడు. అత్తయ్య కళ్ళు నెమ్మదిగా నా మీదికి తిరిగాయి. నేను కిటికీ తెర మీద పువ్వుల్ని శ్రద్ధగా చూశాను. చిన్న పువ్వులు, లేతరంగు. నాన్న, పోనీలే అక్కా, పాతవన్నీ ఎందుకిప్పుడు అని ఒక తొన నోటికి అందించాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. అత్తయ్య తల అడ్డంగా ఊపితే చాలు, అంతా అయిపోతుంది. ఊపలేదు. నోరు తెరిచి తొన తింది. నమిలినంతసేపూ నన్నే చూసింది.

జూలై 5, ఆదివారం

ఎడిటరు గారు ఫోన్ చేశారు. ఇంట్లో పరిస్థితి చెప్పి గడువు అడిగాను. ఆమధ్య ఫోన్లో చదివి వినిపించారే, ఆ వెర్రి అల్లుడి అధోసూచిక ఒక్కటి ముందు పంపండి, పత్రికలో వేయించుకుంటాను, చాలా ఘాటుగా ఉందన్నారు. వెతికి పంపుతానన్నాను. దాని నకలు బల్ల మీదే ఉంది. వెతకలేదు.

జూలై 8

మాట్లాడవచ్చని డాక్టరమ్మ చెప్పి ఇలా గడప దాటిందో లేదో, అత్తయ్య వేలితో కుర్చీ చూపించింది. కూర్చున్నాను.

"నేనేమన్నానట?"

గొంతు గరగరమంటోంది గానీ వార్తల గొంతే. చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. కళ్ళు మూసుకుని, తనే పెదాలు కదిపి మొత్తం వాక్యం చూసుకుంది. సగంలో దగ్గొచ్చింది.

"మొహానికి గొట్టం తగిలించుకునే ముందు ఇదంతా అన్నానా? పైగా నాటకం మంచిదనా? ఆ నాటకం మంచిది కాదే."

మరి ఏం చేద్దాం అత్తయ్యా అన్నాను. చేద్దాం అన్నమాట వినగానే కోపమొచ్చింది. చేద్దాం ఏంటి, చేసింది నువ్వు, వెళ్ళి వాడికి చెప్పు అంది. ఒక్క వారం ఆగుదామని బతిమాలాను. ఇన్నేళ్ళకి మెట్లెక్కాడు, ఇది చెప్తే మళ్ళీ గేటు దగ్గరికి పోతాడు, ఆ గొడుగు కింద ఇంకెన్నేళ్ళు నిలబెడతాం అన్నాను. 

అత్తయ్య కాస్త మెత్తబడింది. కానీ మాట మార్చలేదు. వాడు రోజూ వచ్చి, నేను అనని మాటకి మురిసిపోతూ పళ్ళు ఒలిచి పెడుతుంటే నాకు తిన్నది అరగడం లేదు అంది. ఆ పళ్ళు నాకోసం కాదు, నువ్వు కల్పించిన ఇంకో మనిషి కోసం అంది. ఆ తర్వాత ఇంకో ప్రశ్న అడిగింది.

"రేపు నేను నిజంగానే పోతే? అప్పుడు ఇంకో వాక్యం రాస్తావా?"

జూలై 11

ఇంటికి తీసుకొచ్చాం. నాన్న ఆసుపత్రి గేటు దాకా వచ్చి, రేపు పైకి వస్తానన్నాడు. పైకి అని ఆయన నోటితో ఆయనే అన్నాడు. 

జూలై 12, ఆదివారం

బాల్కనీలో నిలబడి చూస్తూనే ఉన్నాను. గేటు దగ్గర అలవాటు కొద్దీ ఒకసారి ఆగాడు. తర్వాత గొడుగు ముడిచి లోపలికొచ్చాడు. అత్తయ్య ముందు చెప్పే ధైర్యం లేక పరుగున కిందికి దిగి రెండో అంతస్తు మలుపులో పట్టుకున్నాను. నాన్న రెయిలింగు పట్టుకుని రొప్పుతున్నాడు. చంకలో సంచి, సంచిలోంచి నా ఆరో అధ్యాయం తొంగిచూస్తోంది, ఎర్ర గీతలతో సహా.

నాన్నా, అత్తయ్య ఆ మాట అనలేదు అన్నాను. గ్యాసు సంగతి చెప్పాను. అంతా నేను కల్పించానన్నాను. తల ఎత్తలేదు.

నాన్న ఊపిరి సర్దుకునేదాకా ఆగాడు. సంచిలోంచి కాగితాలు తీసి, ఒక పేజీ వెతికి నా ముందు పెట్టాడు. అల్లుడి అధోసూచిక. ఒక్కరే సాక్షి అన్న చోట ఎర్ర పెన్నుతో టిక్కు. అతుకు కనపడని వాక్యం, టిక్కు. అడగ్గానే దొరికిన క్షమాపణ, టిక్కు. లెక్క సరిపోయినప్పుడు పిల్లల పుస్తకాల్లో పెట్టే టిక్కే.

"ఆ రోజే తెలుసమ్మా. నువ్వు సగం చెప్పేసరికే తెలిసిపోయింది."

మరి ఎందుకు లోపలికెళ్ళి కూర్చున్నావు నాన్నా అని అడిగాను. నాకు కోపం కూడా వచ్చింది, ఇన్ని రోజులు నన్ను ఇలా ఉడికించినందుకు. లోపలికి వెళ్ళడానికి ఏదో ఒక వంక కావాలి కదా, ఎన్నేళ్ళని ఫ్యాను గురించి అడగను అన్నాడు. తర్వాత రెండు మెట్లు ఎక్కి, వెనక్కి తిరిగాడు.

"అయినా చావబోయేవాళ్ళు అంతసేపు మాట్లాడరని మా అక్క నాకు ఎప్పుడో చెప్పింది."

పైన తలుపు తెరిచే ఉంది. అత్తయ్య గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడింది, మంచం దిగొద్దని డాక్టరమ్మ అన్నందుకే కాబోలు. మొత్తం విందో, ఆ ఆఖరి ముక్కే విందో తెలీదు. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి. మెట్ల మీద తమ్ముణ్ణి కింది నుంచి పైదాకా చూసింది.

"చెప్పులు అక్కడే విప్పు" అంది. గుమ్మంలో పక్కకి జరిగి, "నవ్వకుండా ఉండాల్సింది" అంది.

నా వాక్యం కన్నా చాలా చిన్నది. పరీక్ష అక్కర్లేదు.

నాన్న చెప్పులు విప్పడానికి చాలాసేపు పట్టింది. వంగినవాడు లేవలేదు. నేను భుజం మీద చెయ్యి వేశాను. లేచాక, నాటకం మటుకు మంచిది కాదటగా అన్నాడు. అత్తయ్య, కాదు అంది. ఇంతకీ అది ఉందా, ఎప్పుడో పారేశావా అని కూడా అడిగింది. పారేశానన్నాడు నాన్న. లోపలికొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి, సంచిలో నా అధ్యాయం అడుగునుంచి అంచులు చిరిగిన కాగితాల కట్ట తీశాడు.

జూలై 15

అధోసూచిక కొట్టేశాను. పత్రికకి పంపలేనని ఎడిటరు గారికి చెప్పాను. ఆయన మళ్ళీ మర్యాదగా మాట్లాడారు.

వంతెనల దొర తమ్ముడి గురించి వెతికాను. అప్పుడు అత్తయ్య అడిగితే ఎవడిక్కావాలి అన్నదాన్ని నేనే. ఇంజినీర్ల సంఘం పత్రికలో, అతను పోయినప్పుడు వేసిన చిన్న నివాళి దొరికింది. అన్నగారి చరిత్ర వెలువడిన వసంతంలో, ముసలితనంలో, మనవరాలి చెయ్యి పట్టుకుని ఆ గొడవపడిన వంతెన మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి నడిచాడట. ఏమన్నాడో రాయలేదు. జీవితమంతా బరువులు లెక్క కట్టిన మనిషి, ఆ క్షమాపణ వాక్యం బరువు లెక్క కట్టకుండా ఉంటాడా? అల్లుడిదని కనిపెట్టే ఉంటాడు. అయినా నడిచాడు.

కొత్త అధోసూచికలో అంతే రాశాను. మాట కల్పితం అన్నాను, సాక్ష్యం చూపించాను, ఊపిరి లెక్క కూడా వేశాను. అల్లుణ్ణి తిట్టలేదు. తమ్ముడు నడిచిన సంగతి చివర చేర్చాను.

జూలై 19, ఆదివారం

హాల్లో నా దొరల పెట్టెల మీద నాటకం పరిచారు. నాన్న చదువుతున్నాడు, అత్తయ్య దిండుకి ఆనుకుని పెన్సిలు పట్టుకుంది. మొదటి రంగం దాటడానికే రెండు కాఫీలయ్యాయి, ఒక చిన్న పోట్లాట కూడా అయింది. నీకు హాస్యం తెలీదని ఆయన, నీకు ఆపడం తెలీదని ఆమె. నేను వంటింట్లోంచి వింటూ ఆరో అధ్యాయం సరిచూసుకుంటున్నాను.

చివరి రంగం వచ్చింది. కథానాయకుడు చావబోతున్నాడు. ఆ పేజీన్నర. నాన్న గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. నేను చేస్తున్న పని ఆపేశాను. అత్తయ్య నవ్వుతుందేమోనని భయపడ్డాను. నవ్వలేదు. సగం పేజీ దగ్గర నాన్నకి ఊపిరి అందలేదు, ఆయన కూడా చిన్నవాడేం కాదు కదా. మాట తెగిపోయింది. తెగినా వదలకుండా లాగబోయాడు. అత్తయ్య ముందుకి వంగి, కాగితం మీద ఆయన వేలు ఉన్న చోట పెన్సిలుతో చిన్న గీత గీసింది.

"ఇక్కడ ఊపిరి తీసుకో, తమ్ముడూ."

తీసుకున్నాడు. ఇద్దరూ తీసుకున్నారు.

ఎప్పటికైనా నేను ఈమె గురించి రాయాల్సి వస్తే, ఈ మాట మీద ఒక్క అక్షరం కలపను, ఒక్కటి తీయను అనుకున్నాను. అలా అనుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి ఉండగా అత్తయ్య తలెత్తి చూసి, అక్కడ ఏడుస్తూ నిలబడితే కాఫీ ఎవరు పెడతారు, గ్యాసు వెలిగించు అంది.